అత్త బడి పిల్లల్ని వెతుక్కుంటూ

గురువారం

శ్రీకాకుళానికి టికెట్ తీసుకున్నవాళ్లు దిగాల్సింది ఆమదాలవలసలో. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. ఊళ్లోకి అక్కణ్ణించి ఇంకో పదమూడు కిలోమీటర్ల దాకా వెళ్లాలి. కొత్తవాళ్లు కంగారు పడతారు గానీ, చిన్నప్పుడు వేసవి సెలవులన్నిటికీ ఇక్కడే దిగినదాన్ని కాబట్టి నిద్రకళ్లతోనే షేర్ ఆటో ఎక్కేశాను.

ఈసారి పని మీద వచ్చాను. మా మేనత్త పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి ఒక చిన్న పుస్తకం వేయించాలని నాన్న పట్టుదల. అత్త గార మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. 1986లో చేరి 2020లో రిటైరైంది. "అప్ప దగ్గర చదివిన పిల్లల్ని ఓ పదిమందిని పట్టుకుని అడుగు. వాళ్లు చెప్పింది రాసెయ్. బ్యాంకులో అన్ని ఉత్తరాలు రాస్తావు, ఇదెంత?" అన్నారు నాన్న. ఏటా పదిమంది కొత్తగా చేరారనుకున్నా మూడొందల నలభై మంది అవుతారు. అందులో పదిమంది దొరకరా అని నేనూ ధీమాగానే బయల్దేరాను.

మొదటివాడు శ్రీకాకుళంలోనే దొరికాడు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. ఫోను మీంచి తలెత్తకుండా, "మీ అత్తగారి దగ్గర చదివానని మా అమ్మ చెప్తాది మేడమ్. నాకైతే ఒకటో తరగతి మాస్టారు కాణ్ణుంచే గుర్తు" అన్నాడు. కావాలంటే అమ్మ నంబరు ఇస్తానన్నాడు. రెండో ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. టీ తాగుతూ చాలాసేపు ఆలోచించి, "ఆవిడ చీర కొంగు పట్టుకుని నడిచినట్టు గుర్తండీ. మొహం మాత్రం రావట్లేదు" అంది.

అప్పుడు గాని నాకు వెలగలేదు. అత్త దగ్గరికి వచ్చేవాళ్లు మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు, మహా అయితే ఐదు నిండినవాళ్లు. ఆ వయసులో జరిగింది ఎవరికి గుర్తుంటుంది? నాకే ఏమీ గుర్తులేదు. అక్షరాలు ఎవరు దిద్దించారని అడిగితే అందరూ ఒకటో తరగతి మాస్టారి పేరే చెప్తారు. పెన్సిలు పట్టుకునేలా వేళ్లను తయారుచేసిన మనిషి ఆ లెక్కలోకే రాదు.

రథసప్తమి రద్దీ తగ్గింది కదా అని అరసవల్లిలో దిగి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకున్నాను. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడతాయిక్కడ. ఇప్పుడా రోజులు కావు కాబట్టి క్యూ లేదు. శ్రీకూర్మంలో కాస్త ఎక్కువసేపు ఆగాను. గుడి సంగతి అందరికీ తెలిసిందే, విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే చోటు. నేను ఆగింది అక్కడ పెంచే నక్షత్ర తాబేళ్ల కోసం. అత్త ప్రతి సంవత్సరం పెద్ద పిల్లల్ని, అంటే ఐదేళ్లవాళ్లని, ఆటోలో ఎక్కించి వీటి దగ్గరికి తెచ్చేదని మావయ్య చెప్పేవాడు. తాబేలు తల బయట పెట్టేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి, అదే పాఠం. నేనూ కూర్చుని చూశాను. ఐదు నిమిషాలు కాకముందే చెయ్యి ఫోను మీదికి పోయింది.

శుక్రవారం

పొద్దున్నే మావయ్య పెట్టిన చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగి సెంటరుకి వెళ్లాను. ఇప్పుడు పక్కా గది, గోడల మీద రంగు బొమ్మలు. అత్త చేసిన రోజుల్లో చాలా ఏళ్లు అద్దె పెంకుటిల్లే. కొత్త టీచరమ్మ మంచి పిల్ల. నన్ను కూర్చోబెట్టి, ఫోనులో ఎక్కించాల్సిన వివరాలు ఎక్కిస్తూ, మధ్యలో పిల్లల ముక్కులు తుడుస్తూ, "నాకేం తెలుసండీ, ఆయమ్మని అడగండి" అంది.

ఆయమ్మ మా అత్తతో పాతికేళ్లకు పైగా కలిసి పనిచేసింది. వంట, ఊడవడం, ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని చంకనేసుకుని తీసుకురావడం, సాయంత్రం మళ్లీ దింపడం అన్నీ ఆవిడే. నేను నోట్‌బుక్ తియ్యగానే నవ్వింది.

"మంచిదని రాయకమ్మా. ఆ యమ్మ కోపం ముందర మంచితనం నిలబడీది కాదు."

మరి ఏం రాయమంటావు అన్నాను. చెప్పడం మొదలుపెట్టింది. పులుసులోకి చింతపండు పిసుకుతూ చెప్పింది, అన్నం వార్చి మళ్లీ చెప్పింది, పిల్లలు పడుకున్నాక గుమ్మంలో కూర్చుని ఇంకా చెప్పింది.

కొత్తగా చేరిన పిల్ల ఏడుస్తుంటే అత్త ఎత్తుకునేది కాదట. ఎత్తుకోబోతే ఆయమ్మనీ కసిరేది. బిస్కెట్ ఇవ్వనిచ్చేది కాదు. ఏడ్చే పిల్లకి రెండు అడుగుల దూరంలో చాప మీద కూర్చుని, బుట్టెడు గవ్వలు కుమ్మరించి, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు వేరు చేస్తూ ఉండేది. పిల్ల వైపు చూసేదే కాదు. "ఏడిసి ఏడిసి అదే వచ్చి కూసునీది. ఓ గవ్వ తీసి తప్పు కుప్పలో ఏసీది. ఈవిడ మాటాడకండా దాన్ని తీసి ఇటేసీది. అంతే, ఏడుపు అయిపోనాది."

గవ్వలు కళింగపట్నం ఒడ్డువి. చింతపిక్కలు ఆయమ్మ దాచినవి. తాటికాయలతో బళ్లు. చోడి పిండి ముద్దలు. ఇవే సామాన్లు. ఐదో ఏడు వచ్చేదాకా చేతికి బలపం ఇచ్చేది కాదట. ముందు ముద్దలు చెయ్యాలి, చిన్న చిన్న ఉండలు చుట్టాలి, చీపురుపుల్లకి పూలు గుచ్చాలి, తడి ఇసుకలో వేలితో గీతలు గియ్యాలి. వేళ్లకి బలం వచ్చాకే పలక.

ఇక్కడ నా గోడు కొంచెం. హైదరాబాద్‌లో మావాడికి నాలుగేళ్లు. వాడు వెళ్లే ప్లే స్కూల్లో ఒకటి నుంచి వంద దాకా రాసుకురమ్మని హోంవర్క్ ఇస్తారు. పక్కింటి పిల్ల రాస్తోంది, మావాడు రాయడం లేదని నాకు ఒకటే టెన్షన్. అత్త బతికుండగా ఫోన్లో ఈ సంగతి చెప్పుకుని ఏడిస్తే, "వాడి చేత చపాతీ పిండి పిసికించు. వందెక్కడికీ పోదు" అని పెట్టేసింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. పాతకాలం మనిషి, సిటీ పోటీ ఏం తెలుసు అనుకున్నాను.

అంగన్‌వాడీ అంటే బడి ఒక్కటే కాదని చాలామందికి పట్టదు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల ఈ పథకం మొదలుపెట్టినప్పుడే ఆరు పనులు అప్పజెప్పారు: పిల్లలకీ గర్భిణులకీ బాలింతలకీ అదనపు తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు తిండీ ఆరోగ్యం గురించి చెప్పడం, చివర్లో ఆటపాటల చదువు. ఇన్నిటికీ కలిపి అత్త చేరినప్పుడు నెలకు మూడొందలు కూడా వచ్చేవి కావు. దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు.

తూకం కథ ఆయమ్మ బాగా చెప్పింది. దూలానికి కాటా వేలాడదీసి, నిక్కరు లాంటి గుడ్డలో పిల్లని కూర్చోబెట్టి తూస్తారు. మొదట్లో తల్లులు ఒప్పుకునేవాళ్లు కాదు, పిల్లని తూస్తే దిష్టి తగుల్తుందని. అత్త వాళ్లతో వాదించలేదు. బీరువాలో కాటుక భరిణె పెట్టుకుంది. తూకానికి ముందు బుగ్గన చుక్క, తూశాక అరికాలికి చుక్క. తల్లికి ధైర్యం, తనకి తూకం. చార్టు మీద గీత కిందికి జారితే మాత్రం కాటుకతో సరిపెట్టేది కాదు. చేతికి చుట్టే రంగుల టేపు 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపులో ఆగిందంటే తల్లిని వెంటబెట్టుకుని తనే బస్సెక్కేది. మొగుడు వద్దంటే వాడితో పోట్లాటే. "అందుకే సెప్పినాను, కోపం రాయి అని" అంది ఆయమ్మ.

2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా తీరం దాటింది. అప్పటికి అత్త రిటైరైపోయింది. టీచరు పోస్టులో ఇంకా ఎవరూ రాలేదు, తాళం ఆయమ్మ దగ్గర ఉంది. చీకటి పడ్డాక గొడుగు విరిగిపోతే గోనెసంచి కప్పుకుని అత్త వీళ్లింటికి వచ్చి తలుపు బాదిందట, బియ్యం తడిసిపోతాయి లెగు అని. ఇద్దరూ వెళ్లి బస్తాలు బల్లల మీదికి ఎక్కించారు. "రిటేరు అయిపోనావు కదా, నీకెందుకమ్మా అన్నాను. పిల్లలు రిటేరవలేదు కదే అంది. నాకు సలేసి ఏడుపొచ్చింది, ఈవిడకేటో నవ్వు."

2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీలు సమ్మెకి దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నప్పుడు కూడా అత్త శ్రీకాకుళం టెంటుకి వెళ్లేదని అప్పుడే తెలిసింది. ఆయమ్మని కూర్చోబెట్టి తను వచ్చిన ఆడవాళ్లకు నీళ్లు అందించేదట. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్నకి తెలిస్తే ఈ వయసులో ఇదేంటని అరిచేవారు మరి.

శనివారం

కళింగపట్నం. ఒకప్పటి రేవు, ఇప్పుడు లైట్‌హౌసూ బీచీ. వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. పొద్దున్న దారిలో శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలు చూశాను. పైనుంచి నది వంపు బాగుంది, ఎండ బాగాలేదు. గబగబా దిగేశాను.

అత్త సెంటరుకి పిల్లల్ని పంపిన తల్లులు కొందరు ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటూ దొరికారు. మగవాళ్లు ఊళ్లో లేరు. మా జిల్లా తీరంలో చాలా ఊళ్లు ఇంతే. ఏటా ఆగస్టు ప్రాంతంలో గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేసి మళ్లీ ఎండాకాలానికి గాని రారు. పిల్లలు తండ్రిని చూసేది ఏడాదికి మూడు నాలుగు నెలలు.

ఈ పిల్లల కోసం అత్త ఒక కుండ పెట్టిందట. ఎవరి నాన్న వెళ్తే వాళ్లకి ఒక చిన్న పిడత. ప్రతి అమావాస్యకీ అందులో ఒక గవ్వ వెయ్యాలి. అమావాస్య అంటే సముద్రం పోటు మీద ఉంటుంది కాబట్టి ఈ ఇళ్లల్లో ఎవరికైనా తెలుసు. ఎనిమిదో తొమ్మిదో గవ్వలు పడేసరికి నాన్న వస్తాడు. నాలుగేళ్ల పిల్ల పిడత బోర్లించి లెక్కపెట్టి, ఇంకా మూడు కావాలి అని చెప్పేది. కూడికా తీసివేతా అంటే ఇదేగా! ఇది చెప్పినావిడ తన కూతురి పిడత ఇంకా దాచింది. కూతురికి పెళ్లయి సోంపేటలో ఉంటోంది. "దానికి గుర్తునేదమ్మా. నాకే గుర్తు. దినం రాత్రీ అదే లెక్క సెప్పి నన్ను సంపీది" అంది.

2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జాలర్లను పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. ఈ ఊరివాళ్లు లేరు గానీ భయం అన్ని ఊళ్లదీ. 2020 జనవరిలో వాఘా దగ్గర ఇరవై మందిని వదిలిపెట్టారు. ఆ మధ్య కాలంలో అత్త పిడతలన్నీ తీసి అటకెక్కించేసింది. పిల్లలు అడిగితే ఎలుకలు పగలగొట్టాయని అబద్ధమాడింది. తల్లుల మొహాలు చూసి ఆ లెక్క ఆపేసిందని వీళ్లకి తర్వాత అర్థమైంది. తర్వాత మళ్లీ కొత్త పిడతలు కొని పెట్టిందట.

ఒకావిడ కొడుకు వెరావల్‌లో ఉన్నాడు. వీడియో కాల్ కలిపి నాకు ఇచ్చింది. వెనకాల ఇంజను చప్పుడు. అతనికీ టీచరు మొహం సరిగ్గా గుర్తులేదు. కానీ ఒకటి చెప్పాడు. పాత పెంకుటింట్లో పెంకు జారి సూరులోంచి ఎండ గుండ్రంగా నేల మీద పడేదట. మధ్యాహ్నం పడుకునేటప్పుడు ఆ ఎండ మచ్చ మీద ఎవరు పడుకోవాలా అని కొట్టుకునేవాళ్లు. "టీచరమ్మ వంతులు పెట్టీసినారండి. పెంకు మాత్రం ఏయించనేదు" అని నవ్వాడు. కాల్ కట్ అయింది.

వర్షం పడితే ఏం చేసేవారని ఆయమ్మని తర్వాత అడిగాను. బొక్కెన పెట్టేవాళ్లట.

ఆదివారం

ఆదివారం సెంటరు ఉండదు కాబట్టి మావయ్యని బయల్దేరదీసి నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం వెళ్లాం. మావయ్య మాటకారి కాదు. బస్సు బాగా కదిలాక, "మీ అత్త ఇంట్లో మాటాడీది కాదు. ఉన్న మాటలన్నీ ఆ గుంటల దగ్గరే అయిపోయేవి" అన్నాడు. గుంటలంటే ఈ వైపు పిల్లలు. ఆ మాట ఫిర్యాదో మెచ్చుకోలో తేల్చుకోలేకపోయాను.

తూర్పు గాంగుల రాజధానిగా ఉన్న కళింగనగరం ఈ ముఖలింగమేనంటారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూశాం. ఒక్కో ద్వారబంధం ముందు గంటసేపు నిలబడొచ్చు, అంత పనితనం. కానీ మావయ్య నన్ను ఇక్కడికి రమ్మన్నది గుడికి కాదు. ఈ పక్కనే ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టారు. అదే వంశధార, కాస్త ఎగువన. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. వ్యావహారిక భాష కోసం పండితులతో పోరాడారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం.

అత్తకీ ఆయనకీ ఏం సంబంధం అంటే, మావయ్య చెప్పుకొచ్చాడు. అత్త పదో తరగతి చదివిన మనిషి, శుద్ధంగా మాట్లాడగలదు. సెంటర్లో మాత్రం పిల్లలు ఎలా మాట్లాడితే అలాగే మాట్లాడేది. 'నేదు', 'ఎల్దాం', 'ఏటి'. ఒకసారి పైనుంచి వచ్చిన ఒకాయన, టీచరే ఇలా మాట్లాడితే పిల్లలకేం వస్తుందని గట్టిగా అన్నాడట. ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చుంది. మర్నాడు మళ్లీ మామూలే. "సరిదిద్దితే గుంటలు నోరు మూసీసుకుంటారు. ముందు నోరు తెరవనీ, సరి అవడానికి పదేళ్ల బడి ఉంది అనీది" అన్నాడు మావయ్య. ఆగస్టు 29 వస్తే సెంటర్లో గిడుగు ఫొటోకి బంతిపూల దండ వేసేది. మూడేళ్ల పిల్లలకి ఆ మీసాల తాత ఎవరో ఏం తెలుస్తుంది! ఇక్కడి తాతే, మన మాటల కోసం దెబ్బలాడాడు అని చెప్పేదట.

తిరుగు బస్సులో మావయ్య నిద్రపోయాడు.

సోమవారం

శ్రీకాకుళం నుంచి విజయనగరం బస్సు. కోట, గంటస్తంభం, సంగీత కళాశాల బయటినుంచే చూసుకుంటూ వెళ్లిపోయాను. అత్తకి చాలాకాలం సూపర్‌వైజరుగా ఉన్న మేడమ్ రిటైరై ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. పొగడ్తలు రాసుకుందామని వెళ్లాను.

"మీ అత్తగారి రిజిస్టర్లు తలుచుకుంటే నాకిప్పటికీ తలనొప్పి" అంటూ మొదలుపెట్టారు. హాజరు ఒకరోజు ఆలస్యం, స్టాకు రెండు రోజులు ఆలస్యం, సర్వే పుస్తకంలో ఇంటి నంబరు బదులు 'వేపచెట్టు పక్క ఇల్లు'. ఒకసారి పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చి ఒక పిల్లాణ్ణి అ, ఆ చెప్పమంటే, వాడు ఎండ్రకాయ ఎందుకు పక్కకి నడుస్తుందో చెప్పాడట, మధ్యలో లేచి నడిచి చూపించి మరీ. ఆఫీసరు నవ్వలేదు. మేడమ్ మెమో ఇవ్వాల్సి వచ్చింది.

"ఇప్పుడు బాధగా ఉందా?" అన్నాను, ఉందంటారని ఆశపడుతూ.

"ఎందుకు? రిజిస్టరు లేకపోతే బియ్యం రావమ్మా. ఆటలు ఆవిడ చూసుకుంది, కాగితాలు నేను చూసుకున్నాను. ఎవరో ఒకరు చూడాలిగా" అన్నారు. 2020 జాతీయ విద్యా విధానంలో మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని రాశారనీ, చిన్నపిల్లలకి ఆటలతోనే చెప్పమన్నారనీ ఆవిడే గుర్తుచేశారు. "మీ అత్త అది చదవలేదు. చదివితే నాకు ఫోన్ చేసి సాధించేది."

చిన్నపిల్లల చదువు కోసం పనిచేసిన తారాబాయి మోదక్ సంగతి కూడా ఈవిడే చెప్పారు. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో అనూతాయి వాఘ్‌ని తోడు తీసుకుని బాలవాడి, అంటే చిన్నపిల్లల బడి, పెట్టారు. పేదవాడల పిల్లలు బడిదాకా రాకపోయేసరికి బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. అంగన్‌వాడీ టీచర్ల శిక్షణలో ఈ కథ విని అందరూ నోట్సు రాసుకున్నారు. మా అత్త మాత్రం తిరిగొచ్చాక సెంటరుకి తాళం వేసి, నెలరోజులు జాలరి వాడలో వలలు ఆరేసే చోట చాప పరుచుకు కూర్చుంది. నిబంధనల ప్రకారం అది తప్పు. నెల తిరిగేసరికి పిల్లలు చాప వెనకాలే సెంటరుకి వచ్చేశారు. ఆ తప్పు మీద మేడమ్ మెమో రాయలేదు. ఎందుకని అడిగితే, "ఆ నెల నాకు టైఫాయిడ్" అన్నారు. నిజమో కాదో!

లేచేటప్పుడు, "పుస్తకం వేస్తే ఆయమ్మ గురించి కూడా రాయండి. టీచరుకి గౌరవ వేతనం అయినా గౌరవం అనే మాట ఉంది. ఆవిడ జీవితమంతా ఆయా అనే పిలుపే. పిల్లల్ని మోసింది ఆవిడ నడుమే" అన్నారు.

స్టేషన్‌కి వెళ్లే ఆటోలోంచి నాన్నకి ఫోన్ చేశాను. పిల్లలు ఎవరికీ ఏమీ గుర్తులేదు, తల్లులు చెప్పిందే వేద్దాం అన్నాను. కాస్త నిరాశపడ్డా సరేనన్నారు. మెమో సంగతి వద్దన్నారు. ఎండ్రకాయ లేకుండా నేను రాయనన్నాను. అట్ట మీద రెండు ఫొటోలు అన్నాను.

"రెండోది ఎవరిది?"

"ఆయమ్మది. నిన్న రాత్రి తీశాను. చీర మార్చుకుని వచ్చి మరీ దిగింది."

"ఒక ఫొటో అయితేనే కలర్ అట్ట, ప్రింటరుతో మాటైపోయింది. రెండంటే మళ్లీ రేటు మాట్లాడాలి."

"మాట్లాడండి" అన్నాను.